తెగిన వేలికి టేకు పీట

చేవపాలెంలో తప్పు జరిగింది వేళ్ళు తెగడంలో కాదు. తెగిన వేలికి పీట వేసి దండ వెయ్యడంలో.

ఎప్పటి మాట అని అడగకండి. ఏనుగులు అడవిలోంచి దుంగలు ఈడ్చుకొచ్చే కాలం, పిట్టలు మనుషులతో మొహమాటం లేకుండా మాట్లాడే కాలం. అప్పుడు అడవి అంచున, ఏటి ఒడ్డున చేవపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊరికి తెల్లవారేది కోడి కూతతో కాదు, రంపపు కోతతో. పిల్లలు పాలతో పాటు ఇంత రంపపు పొట్టు కూడా మింగి పెరిగేవాళ్ళు. ఆ ఊరి కొయ్యపని అంటే రాజధానిలో కూడా గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. ఏటా ఆయుధపూజ నాడు రంపాలూ ఉలులూ బాడిసలూ కడిగి, బొట్లు పెట్టి, వాటి ముందు వెడల్పాటి టేకు పీట వేసేవాళ్ళు. ఆ ఏడు పనిలో ఎవరి వేలైనా తెగినా, కన్ను దెబ్బతిన్నా, ఊపిరి చెడినా, ఆ మనిషిని పీట మీద కూర్చోబెట్టి బంతిపూల దండ వేసేవాళ్ళు. పులిహోర మొదట అతని ఆకులోనే పడేది. గాయమైందని ఎవరూ అనేవాళ్ళు కాదు. "కొయ్య ముద్దాడింది" అనేవాళ్ళు.

కొయ్య ముద్దాడినవాడే మేస్త్రీ. ఒక్కసారి పీట ఎక్కితే బతికినన్నాళ్ళూ మేస్త్రీయే. రాజుగారు పంపిన కొయ్య మీద ఉలి పెట్టే హక్కు కూడా పీట ఎక్కినవాళ్ళదే.

మరి ఎక్కనివాళ్ళో? ఎంత పని వచ్చినా, నెత్తిన జుట్టు నెరిసినా, వాళ్ళు కుర్రకుంకలే.

ఊళ్ళో పెద్ద కలప అడితి మాణిక్యమ్మది. భర్త పోయాక అడితి ఆమె చేతికి వచ్చింది. దుంగను వేలి కణుపుతో తట్టి లోపల డొల్లో చేవో చెప్పగల మనిషి. మాట కరుకు, మనసు మెత్తన. ఎండాకాలం మజ్జిగ, వానాకాలం మిరియాల పాలు పనివాళ్ళకి తప్పకుండా అందేవి. ఆలస్యంగా వస్తే తిట్లు కూడా అంతే తప్పకుండా అందేవి.

ఆయుధపూజకి దండ గుచ్చేది ఆమే. అంత ఒత్తుగా, అంత గుండ్రంగా దండ గుచ్చేవాళ్ళు ఊళ్ళో మరొకరు లేరని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు ఆమెకి ఇష్టంగానే ఉండేది. ఆమె భర్త కూడా ఒక ఏడు ఆ దండ వేయించుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళకి దగ్గీ దగ్గీ పోయాడు. కొయ్యపనివాడి ఊపిరి అంతేనన్నారు ఊరివాళ్ళు. కాబోలని ఊరుకుంది మాణిక్యమ్మ.

ఆమెకి ఒక తమ్ముడు, శివకోటి. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ మనిషి. అతను చెక్కిన చిలక పక్కన జామకాయ పెడితే, పిల్లలు చిలక తింటుందేమోనని కాసేపు చూసేవాళ్ళు. అంత పని వచ్చినవాడికి ఒకటే దిగులు. పది వేళ్ళూ ఉన్నాయి.

అడితి పక్కనే ఏటి కాలువ. ఆ నీటి తోపుకి తిరిగే చక్రపు రంపం ఒకటి అక్కడ ఉండేది. పలకను చేత్తో నెడుతూ కొయ్యాలి. ఒకసారి శివకోటి పలకను నెట్టడానికి పొడుగాటి కర్ర ఒకటి చేసుకున్నాడు. చెయ్యి రంపానికి దూరంగా ఉంటుందని అతని ఆలోచన. మర్నాడు అడితంతా ఒకటే నవ్వు. అన్నం కూడా కర్రతోనే తింటావా అని ఒకడు అడిగాడు. పొట్టు పడకుండా ముక్కుకి గుడ్డ కట్టుకుంటే, పెళ్ళికూతురు వచ్చింది తెర పట్టండిరా అని ఇంకొకడు అన్నాడు. శివకోటి ఆ కర్రను సాయంత్రం వంట పొయ్యిలో పెట్టేశాడు. ఆ పొయ్యి మీదే మాణిక్యమ్మ పప్పు ఉడికించింది. అదేం కర్ర అని అడగలేదు.

ఇలా ఉండగా రాజుగారికి ఆడపిల్ల పుట్టింది. రాణిగారి దాది ఎడ్లబండి కట్టించుకుని చేవపాలెం వచ్చింది. బండిలో పట్టుగుడ్డ చుట్టిన జిట్రేగి పలకలు నాలుగు ఉన్నాయి. వాటిలో మంచిదాన్ని ఉయ్యాల తలాపికి వాడాలని, దాని మీద తీగలూ పిట్టలూ చెక్కాలని, నామకరణానికి ఉయ్యాల కోటకి చేరాలని చెప్పింది. అంత చేవ ఉన్న జిట్రేగి మళ్ళీ దొరకదు కనక నాలుగూ ప్రాణంలా చూసుకోమంది.

"పిల్లకి మెత్తటి ఒళ్ళమ్మా. ఎక్కడా పిసరు కూడా గరుకు తగలకూడదు," అంది దాది. "మీ అడితి మీద నమ్మకంతో రాణిగారు ఇంకెవర్నీ అడగలేదు."

మాణిక్యమ్మ తల ఊపి పలకలు దించుకుంది. అప్పటికి పీట ఎక్కిన మేస్త్రీలు అడితిలో ముగ్గురే మిగిలారు.

మొదట పోలయ్య కూర్చున్నాడు. పెద్ద దుంగల్ని గొయ్యి మీద పెట్టి ఇద్దరు కోసేవాళ్ళు. ఒకడు పైన, ఒకడు గోతిలో. పోలయ్య జన్మంతా గోతిలో నిలబడ్డ మనిషి. రంపం కిందికి దిగినప్పుడల్లా పొట్టు అతని కళ్ళలోనే రాలేది. ఇప్పుడు పలక మీద గీసిన గీత అతనికి కనబడలేదు. చేత్తో తడుముకుంటూ చెక్కాడు. తీగ వెళ్ళి పిట్ట కడుపులో దూరింది. మొదటి పలక పోయింది.

తర్వాత కనకాచారి కూర్చున్నాడు. చక్రం ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకెళ్ళింది. కుడిచెయ్యి బంగారం. కానీ ఉలి మొనని ఆపాల్సింది ఎడమచెయ్యే. వంపు తిరిగే చోట ఉలి జారి, రెక్క మొదలంటా ఎగిరిపోయింది. రెండో పలక పోయింది.

మూడోవాడు సోమలింగం. పలకలు నున్నగా రుద్దడంలో అతన్ని మించినవాడు లేడు. కన్ను బాగుంది, వేళ్ళు బాగున్నాయి. ఊపిరే బాగాలేదు. పిట్ట కన్ను చెక్కుతుండగా దగ్గు వచ్చింది. కన్ను ఉండాల్సిన చోట బొక్క పడింది. మూడో పలకా పోయింది.

ఇక మిగిలింది ఒక్కటి.

ముగ్గురు మేస్త్రీలూ తలలు దించుకుని కూర్చున్నారు. వాళ్ళని తిట్టడానికి మాణిక్యమ్మకి మనసొప్పలేదు. ముగ్గురూ ఆమెను ఎత్తుకుని తిప్పినవాళ్ళే. శివకోటి చేత చేయిద్దామా అని మెల్లగా అడిగింది. కనకాచారి చప్పున తలెత్తాడు.

"అమ్మాయ్, కోటి చెయ్యి ఎలాంటిదో నాకు తెలీదా? నేనే నేర్పాను. కానీ పీట ఎక్కనివాడు రాజుగారి కొయ్య ముడితే, రేపు మమ్మల్ని మేస్త్రీలని ఎవరంటారు? మా వేళ్ళు ఊరికే పోయినట్టేగా."

శివకోటి గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ ఒక మాట అడిగాడు. "అక్కా, ఉలి పట్టడానికి చిటికెన వేలు కావాలా?"

మాణిక్యమ్మ మనసంతా ఆ నాలుగో పలక మీద ఉంది. "చిటికెన వేలితో ఏం పనిరా, చెవి గోక్కోవడానికి తప్ప," అని చారు వడ్డించింది.

మర్నాడే ఆయుధపూజ. తెల్లవారుతూనే మాణిక్యమ్మ సజ్జ పట్టుకుని పెరట్లోకి బంతిపూలకి వెళ్ళింది. పెరటి చివర ఎండిన వేపమాను ఒకటి ఉంది. దాని మీద ఎర్ర జుట్టు వడ్రంగి పిట్ట టకటకా కొడుతోంది. ఆ ఊరివాళ్ళకి ఆ పిట్ట పెద్దతల్లితో సమానం. కొత్త దుంగ కోసే ముందు దానికో దండం పెట్టేవాళ్ళు. దండం పెట్టి తల దించేసుకునేవాళ్ళు గాని, అది పని ఎలా చేస్తుందో ఎవరూ చూసినవాళ్ళు కాదు.

పిట్ట కొట్టడం ఆపి, తల ఓరగా పెట్టి అడిగింది. "ఈ ఏడు దండ ఎవరికమ్మాయ్?"

"ఇంకా ఎవరికీ లేదు పెద్దమ్మా. ఈ ఏడు ఎవరికీ ఏమీ కాలేదు."

"అయితే మరి దిగులుగా ఉన్నావేం? సంతోషించాల్సింది కదా."

నిజమే, దండ వేయించుకునేవాడు లేడని మాణిక్యమ్మ మనసులో ఎక్కడో చిన్న వెలితి ఉంది. సిగ్గుపడి మాట మార్చింది. నువ్వు పుట్టినప్పట్నుంచీ కొయ్య కొడుతూనే ఉన్నావు, నీ కన్ను పోలేదు, నీ ముక్కు విరగలేదు, నీకు దగ్గూ రాలేదు, అదేం వరమో చెప్పమంది.

"వరమా నా మొహమా," అంది పిట్ట. "మాను కిందికి రా, దగ్గరగా నిలబడి చూడు. మీ వాళ్ళు దండాలు పెడతారు గాని కళ్ళు పెట్టి చూడరు."

మాణిక్యమ్మ మాను దగ్గరికి వెళ్ళి చూసింది. పిట్ట ముక్కు మానుకి తగిలే ప్రతిసారీ కళ్ళు మూసుకుంటోంది. ముక్కు రంధ్రాల మీద సన్నటి నూగు ఈకలు తెరలా కప్పి ఉన్నాయి. ఎంత పొట్టు ఎగిరినా లోపలికి పోవడం లేదు. తోకను మానుకి కర్రలా ఊతం పెట్టి, ఒళ్ళు కదలకుండా నిలబెట్టుకున్నాకే కొడుతోంది.

"కళ్ళు మూసుకుంటాను, ముక్కు కప్పుకుంటాను, ఊతం పెట్టుకుంటాను," అంది పిట్ట. "నన్ను చూసి మా వాళ్ళెవరూ పెళ్ళికూతురనరు. మొన్న నా పిల్లల్లో ఒకడు అడిగాడు. ముక్కు విరిగితే ఏమిస్తారమ్మా అని. ఏమీ ఇవ్వరు నాయనా, ఆకలితో పడుంటావు అన్నాను. అప్పట్నుంచీ జాగ్రత్తగా కొడుతున్నాడు. దండ వేస్తారని చెప్పి ఉంటే ఈపాటికి విరగ్గొట్టుకుని వచ్చేవాడు."

మాణిక్యమ్మ చేతిలో సజ్జ అలాగే ఆగిపోయింది. రాత్రి తమ్ముడు అడిగిన మాట గుర్తొచ్చింది. చారు వడ్డిస్తూ తను చెప్పిన జవాబు కూడా గుర్తొచ్చింది.

అప్పుడే కాలువ వైపు నుంచి చప్పుడు వినబడింది. గిర్రున, సన్నగా. చక్రం తిరుగుతోంది. ఆయుధపూజ నాడు ఆ ఊళ్ళో చీపురు పుల్ల కూడా ఎవరూ విరవరు. చక్రం తిప్పేది ఎవరు?

పూలు అక్కడే పారేసి మాణిక్యమ్మ పరుగెత్తింది.

చక్రం ముందు శివకోటి వంగి ఉన్నాడు. ముందు చిన్న చెక్కముక్క. దాని మీద ఎడమచెయ్యి ఆనించి, నాలుగు వేళ్ళు మడిచి, చిటికెన వేలు ఒక్కటే చాపాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పిట్ట మూసుకున్నది కన్ను కాపాడుకోవడానికి. ఇతను మూసుకున్నది చూడలేక.

మాణిక్యమ్మ గొంతు దాకా కేక వచ్చింది. మింగేసింది. రంపం ముందున్న మనిషిని ఉలిక్కిపడేలా చెయ్యకూడదని ఆమెకి తెలుసు. వంగుని, గట్టు పక్కగా, తూము దగ్గరికి వెళ్ళింది. తూము తలుపు మీద తన బరువంతా వేసి దించింది. నీళ్ళు ఆగాయి. చక్రం మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది.

శివకోటి కళ్ళు తెరిచాడు. ఎదురుగా అక్క. మోచేతుల దాకా బురద.

"ఏం చేస్తున్నావురా?"

"పెద్ద వేలు కాదక్కా," అన్నాడు శివకోటి. "చిటికెన వేలే. అది లేకపోయినా పర్లేదని నువ్వేగా అన్నావు. మధ్యాహ్నానికి పీట ఎక్కితే, రేపట్నుంచి నీ నాలుగో పలక నేను పట్టుకోవచ్చు."

మాణిక్యమ్మ ఆ చెయ్యి అందుకుంది. ఆ వేలు పట్టుకునే వాడికి నడక నేర్పింది. దాన్నే తన గుప్పిట్లో బిగించి, రెండో చేత్తో వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"బుద్ధి లేనిది నీకు కాదురా, నాకు. పద ఇంటికి. అన్నం తిని, మంచి పంచె కట్టుకుని రా. ఈ ఏడు పీట సంగతి నేను చూస్తాను."

మధ్యాహ్నానికి ఊరంతా అడితి ముంగిట చేరింది. పనిముట్లు కుంకుమ బొట్లతో మెరుస్తున్నాయి. టేకు పీట వేసి ఉంది. దండ మాత్రం లేదు. ఈ ఏడు ఎవరూ లేరా అని కొందరు, మాణిక్యమ్మ మర్చిపోయిందా అని కొందరు గుసగుసలాడుకున్నారు.

మాణిక్యమ్మ పీట పక్కన నిలబడి చెప్పింది. పొద్దున్న తన తమ్ముడు చక్రం ముందు ఏం చేయబోయాడో దాచకుండా చెప్పింది. రాత్రి తను అన్న మాట కూడా చెప్పింది. శివకోటి చూపు నేల మీద నుంచి లేవలేదు.

"ఇవాళ పులిహోర వడ్డించే ముందు నాకొకటి కావాలి," అంది మాణిక్యమ్మ. "మన మేస్త్రీలు ముగ్గురూ తమకి ఎలా జరిగిందో చెప్పాలి. కొయ్య ముద్దాడిందని కాదు. జరిగింది జరిగినట్టు. పనిముట్ల ముందు అబద్ధం చెప్పకూడదు కదా."

ముందుగా కనకాచారి గొంతు సవరించుకున్నాడు. దుంగలో దెయ్యం ఉందనీ, దానితో పోట్లాడితే వేళ్ళు పోయాయనీ ఆయన ఇన్నేళ్ళూ చెప్పేవాడు. ఆ కథ వింటూ రెండు తరాల పిల్లలు అన్నం తిన్నారు.

"దెయ్యమూ లేదు, ఏమీ లేదు," అన్నాడు కనకాచారి. "చక్రం మీద పలక పెట్టి నెడుతున్నాను. మజ్జిగ ముంత పట్టుకుని ఒక పిల్ల గట్టు మీద వెళ్తోంది. తల తిప్పి చూశాను. అంతే."

ఆడవాళ్ళ వరసలోంచి ఆయన భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పిల్లని నేనే. ఇన్నేళ్ళూ చెప్పలేదు చూడండి, నన్ను చూసి పోయాయని," అంది. అందరూ ఘొల్లుమన్నారు. కనకాచారి కూడా నవ్వాడు గాని, నవ్వుతూ నవ్వుతూ మూడు వేళ్ళ చెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు.

తర్వాత పోలయ్య. గోతిలోకి దిగే మొదటి రోజే తన తల్లి కళ్ళ మీదికి దింపి కట్టుకోవడానికి పల్చటి గుడ్డ ఇచ్చిందన్నాడు. పెళ్ళికూతురంటారని దాన్ని నడుముకి కట్టుకున్నాడట. "నడుం బాగానే ఉంది," అన్నాడు పోలయ్య. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సోమలింగం వంతు వచ్చింది. అతనికి చెప్పడం కష్టమైంది, దగ్గు వల్ల కాదు. పలకలు రుద్దే కొట్టంలో కిటికీలు మూసి ఉంచేవాళ్ళని, గాలి వీస్తే మెరుగు మీద పొట్టు పడుతుందని అలా చేసేవాళ్ళని చెప్పాడు. రోజంతా ఆ పొట్టులోనే ఊపిరి పీల్చేవాళ్ళమన్నాడు. ఎవరు మూయించారో మాత్రం చెప్పలేదు. మాణిక్యమ్మ వైపు చూడనూ లేదు.

"మూయించింది మేమే," అంది మాణిక్యమ్మ. "ఆయన మూయించారు. ఆయన పోయాక నేనూ తెరిపించలేదు. ఆయన దగ్గు, నీ దగ్గు ఒకటే బాబాయ్. నాకు అప్పుడే తెలియాల్సింది."

అప్పుడు ఆమె పీట మీద చెయ్యి పెట్టింది. "ఇకనుంచీ గాయానికి నేను దండ గుచ్చను. ఈ పీటా వెయ్యను."

కనకాచారి లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. "అమ్మాయ్, వేళ్ళు ఎలాగూ పోయాయి. వాటికి బదులు మాకు మిగిలింది ఈ పీట ఒక్కటే. అది కూడా తీసేస్తే మేమెవరం?"

మాణిక్యమ్మ పీట మీంచి చెయ్యి తీసి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెదనాన్నా, పీట మీద కూర్చోబెట్టి ఏడాదికి ఒక్కపూట దండ వేశాం. మిగతా రోజులన్నీ మిమ్మల్ని మూల కూర్చోబెట్టాం," అంది. "రేపట్నుంచి నువ్వు చక్రం దగ్గర కూర్చో. నువ్వు చెయ్యెత్తితేనే చక్రం తిరుగుతుంది, నువ్వు దించితే ఆగుతుంది. కోటి అయినా సరే, నేనైనా సరే. గోతిలోకి ఎవరు దిగాలన్నా పోలయ్య మావయ్య ముందు వాళ్ళ మొహం తడిమి, కళ్ళకి కాపు ఉందో లేదో చూడాలి. కొట్టం కిటికీల తాళంచెవి సోమలింగం బాబాయ్ దగ్గర. మీకేం పోయిందో మీకు తెలుసు. ఇంకొకరికి పోకుండా చూడగలిగింది మీరే. అది చేసేవాణ్ణి మేస్త్రీ అనకపోతే ఇంకెవర్నంటారు?"

కనకాచారి పీట వైపు చూశాడు. తర్వాత వంగి, సుద్దదారం తీసి, దాని మీద తనే గీత కొట్టాడు. తిన్నగా, సన్నగా, పలుచటి బద్దలు వచ్చేటట్టు.

"మంచి టేకు. పారేస్తామా?" అన్నాడు. "కోటీ, అప్పుడు చేశావు చూడు ఒక కర్ర, పలకని నెట్టేది. ఎంత పొడుగు చేశావురా?"

"మూరెడు, పెదనాన్నా."

"మూరెడు చాలదు. ఇంకో జానెడు వెయ్యి."

మర్నాడు పొద్దున్నే ఆ పీటను కోశారు. శివకోటి నెట్టాడు, కనకాచారి చెయ్యెత్తి నిలబడ్డాడు. పెద్ద బద్దలు తోపుడు కర్రలయ్యాయి. మిగిలిన ముక్కలతో చిన్న చట్రాలు చేసి, వాటికి పల్చటి అభ్రకపు రేకులు అమర్చారు. కంటి ముందు కట్టుకుంటే గీత కనిపిస్తుంది, పొట్టు పడదు. మొదటిది పోలయ్యే తనకి కట్టుకుని ఊరంతా తిరిగి చూపించాడు. ఇప్పుడు నీకెందుకు మావయ్యా అని మాణిక్యమ్మ అడిగితే, ఉన్న కాస్త చూపూ నాది కాదా అన్నాడు.

నాలుగో పలక శివకోటికి ఇచ్చారు. ముగ్గురు మేస్త్రీలూ పక్కనే కూర్చున్నారు. కనకాచారి వంపు చెప్పాడు. పోలయ్య చేత్తో తడిమి ఎక్కడ గరుకుందో చెప్పాడు. సోమలింగం తెరిచిన కిటికీ పక్కన కూర్చుని, ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో చెప్పాడు. శివకోటి పది వేళ్ళూ పని చేశాయి. చిటికెన వేలు పలకకి ఆనుకుని, ఉలికి ఊతంగా నిలబడింది. మాణిక్యమ్మ అటు వచ్చినప్పుడల్లా ఆ వేలు చూసి, ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయేది.

నామకరణానికి ఉయ్యాల కోటకి చేరింది. రాణిగారు తలాపి మీద చెయ్యి వేసి చూశారు. తీగల మధ్య వడ్రంగి పిట్టలు. అన్నిటికీ కళ్ళు మూసి ఉన్నాయి. ఇవి నిద్రపోతున్నాయా అని అడిగారు.

"లేదమ్మా," అన్నాడు శివకోటి. "పనిలో ఉన్నాయి."

రాణిగారికి అదేమిటో విడమర్చి చెప్పింది మాణిక్యమ్మ. రాణిగారు నవ్వి, ఏం కావాలో కోరుకోమన్నారు. మాణిక్యమ్మ నగలు అడగలేదు. అంతఃపురంలో నేసే పల్చటి మల్లుగుడ్డ తానులు అడిగింది. ముక్కుకి కట్టుకుంటే ఊపిరి ఆడాలి, పొట్టు ఆగాలి, అది చాలంది. ఆ తానులు చేవపాలెం చేరిన రోజున కూడా వెక్కిరింతలు ఆగలేదు. రాణిగారి పెళ్ళికూతుళ్ళంటూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకున్నారు. కానీ ఈసారి అందరూ కట్టుకునే వెక్కిరించుకున్నారు.

అంతటితో కథ అయిపోలేదు. మాట ఇవ్వడం తేలికే, నిలబెట్టుకోవడమే పని.

మరుసటి ఏడు ఆయుధపూజ రేపనగా, మల్లేశం అనే కోతగాడు బొటనవేలు కోసుకుని వచ్చాడు. కనకాచారి చెయ్యెత్తకుండానే తొందరపడి, తోపుడు కర్ర లేకుండా పలక నెట్టాడట. నెత్తురు కారుతున్న వేలు పైకెత్తి పట్టుకుని, నవ్వుతూ అడితి ముంగిట నిలబడ్డాడు.

"అక్కా, కొయ్య ముద్దాడింది. పీట లేకపోతే పోయె, దండ అయినా గుచ్చవా?"

పాత అలవాటు పోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మాణిక్యమ్మ వైపు ఆశగా చూశారు. ఒక్క దండే కదా, వేస్తే ఏం పోయింది, పాపం నెత్తురు కారుతోంది అన్నారు కొందరు. బంతిపూల సజ్జ ఆమె పక్కనే ఉంది.

మాణిక్యమ్మ లేచింది. మల్లేశాన్ని కూర్చోబెట్టి వేలు కడిగింది. పసుపు అద్ది, శుభ్రమైన గుడ్డతో గట్టిగా కట్టింది. వైద్యుడి దగ్గరికి తోడు ఇచ్చి పంపింది. వేలు మానేదాకా పనికి రానక్కర్లేదని, ఇంటికి బియ్యం అందుతాయని చెప్పింది. మాని వచ్చాక అందరి ముందూ నిలబడి, ఎలా జరిగిందో జరిగినట్టు చెప్పాలని కూడా చెప్పింది. మల్లేశం మొహం మాడ్చుకుని వెళ్ళాడు.

తర్వాత ఆమె సజ్జ ముందుకు లాక్కుని, ఎప్పటిలాగే ఒత్తుగా, గుండ్రంగా దండ గుచ్చింది. తీసుకెళ్ళి తోపుడు కర్రలు తగిలించే కొక్కేనికి వేసింది.

ఆమె బతికినన్నాళ్ళూ ఏటా దండ అక్కడే పడింది. ఎవరు బతిమాలినా, ఎవరు అలిగినా, గాయపడ్డవాడికి ఆమె మందూ తిండీ తోడూ ఇచ్చింది గాని ఒక్క పువ్వు కూడా ఇవ్వలేదు.

పిల్లలూ, గాయాన్ని గొప్పగా చెప్పుకునే చోట గాయాలే పెరుగుతాయి. పని ఎంత బాగా చేశాడో, తన ఒళ్ళూ పక్కవాడి ఒళ్ళూ అంత బాగా కాచుకున్నవాడే మంచి పనివాడు.